రిహామ్ గొంతు ఎవరు విన్నారు?

మా ప్రిన్సిపాల్ మదామ్ ముషీరాకు "సంభాషణ" అనే మాటంటే ప్రాణం. తల్లిదండ్రులతో ఇంత చక్కగా సంభాషించే బడి మా దుమ్యాత్ ఊరు మొత్తంలో, నదికి ఇటు పక్కగానీ అటు పక్కగానీ, మరొకటి లేదని ఆవిడ గట్టి నమ్మకం. గేటు మీద పెద్ద బ్యానరు కట్టించింది: "మీరూ మేమూ ఒకే కుటుంబం." ఆ బ్యానరు కింద నిలబడే కాపలావాడికి ఆవిడ ఇచ్చిన మొదటి ఆజ్ఞ, తల్లిదండ్రులెవరినీ గేటు దాటనివ్వొద్దని.

మాట్లాడాలంటే యాప్ ఉంది. దాన్ని చూసుకునేవాడు హైథమ్, ఆవిడ తమ్ముడి కొడుకు. కుర్రాడు ఏ చదువూ చివరిదాకా చదవలేదు. బల్ల మీద మాత్రం "సంభాషణ విభాగం అధిపతి" అని నగిషీ చెక్కిన పలక పెట్టుకున్నాడు. ఆ విభాగంలో అధిపతి తప్ప మరో ప్రాణి లేదు. పిల్లల గురించి మేమేం రాసినా నేరుగా ఇళ్ళకు వెళ్ళదు. హైథమ్ చదివి, దాన్ని "సానుకూలంగా" మార్చి పంపుతాడు. తల్లిదండ్రుల మనసు నొచ్చుకోకూడదట. నొచ్చుకున్న మనసు వచ్చే ఏడు పిల్లల్ని వేరే బళ్ళో వేస్తుంది కదా మరి.

నేను లెక్కలు చెబుతాను. ఒకసారి ఒక పిల్లవాడి గురించి "మీవాడికి ఎక్కాలు రావు" అని రాశాను. వారం తిరక్కుండా వాడి తండ్రి బజారులో కనబడి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మావాడు అంకెలతో కొత్తగా స్నేహం కలుపుతున్నాడని రాశారు! చదివి కళ్ళ నీళ్ళొచ్చాయి, మిస్టర్ మమ్దూహ్!"

నాకూ వచ్చాయి. కారణం వేరు.

ఇది యాప్ సంగతి. తల్లుల వాట్సాప్ గ్రూపు మరో లోకం. అక్కడ ఎవరికీ సొంత పేరుండదు. అందరూ ఫలానావాళ్ళమ్మలే. తెల్లవారితే గులాబీల బొమ్మలతో మొదలవుతుంది. రేపు ఏ రంగు సాక్సులు, క్యాంటీన్ శాండ్‌విచ్‌లో చీజు ఎందుకు తగ్గింది, సైన్సు మిస్ కొత్త హిజాబ్ ఆవిడ ఒంటిరంగుకు నప్పిందా లేదా, ఇవీ చర్చలు. ఆ వేల మాటల్లో "నా బిడ్డ బళ్ళో ఎలా ఉంటోంది?" అన్న మాట ఒక్కటి చూపిస్తే నా మీసం తీయించుకుంటాను. ఇంతవరకు మంగలి అవసరం పడలేదు.

రిహామ్ సెప్టెంబరులో నాలుగో తరగతిలో కొత్తగా చేరింది. అంతకుముందు రాస్ అల్‌బర్‌లో సముద్రం పక్క బళ్ళో చదివింది. తండ్రి వగ్దీకి ఊళ్ళో ఫర్నిచర్ షోరూమ్ ఉంది. తల్లి నెర్మీన్ గ్రూపులో అందరికంటే హుషారైన మనిషి. పిల్ల సన్నగా ఉంటుంది. ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుంటుంది. రాత ముత్యాల్లా ఉంటుంది. కాని నోరు విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. ప్రశ్న అడిగితే నేల చూస్తుంది. నీళ్ళు కావాలంటే సీసా చూపిస్తుంది. నేను రెండుసార్లు అడిగి, ఈ పిల్లకు మాట రాదు కాబోలనుకున్నాను. మిగతా టీచర్లూ అదే అనుకున్నారు. ఒకరితో ఒకరం అనుకున్నది లేదు. సంభాషణకు మాకు ప్రత్యేక విభాగం ఉంది కదా!

ఒక్క మిస్ రఈఫా ఊరుకోలేదు. ఆవిడ అరబిక్ చెప్పేది. యాభైకి దగ్గర పడిన మనిషి. పెద్ద గొంతు, చిన్న బటన్ల ఫోను. ఆఫీసుకెళ్ళి రిహామ్ గురించి అడిగింది. "యాప్‌లో పెట్టండి, తల్లిదండ్రులకు చేరుతుంది" అన్నారు. స్టాఫ్ రూములో ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది: "మీ అమ్మాయి తరగతిలో ఒక్క మాటా మాట్లాడడం లేదు. ఒకసారి వచ్చి నన్ను కలవండి."

ఇది హైథమ్ చేతిలో పడింది. రిహామ్ వాళ్ళమ్మకు చేరేసరికి ఇలా అయింది: "మీ అమ్మాయి నెమ్మదితనం తరగతికే అందం." కలవమన్న ముక్క ఎగిరిపోయింది. కింద ఒక బంగారు నక్షత్రం వెలిసింది.

నెర్మీన్ దాన్ని గ్రూపులో పెట్టుకుంది. "మాషా అల్లా, మాషా అల్లా" అని తల్లులందరూ చప్పట్ల బొమ్మలు కొట్టారు. రఈఫా మళ్ళీ రాసింది, మళ్ళీ నక్షత్రం వెళ్ళింది. చలికాలం వచ్చేసరికి ఆ ఇంట్లో నక్షత్రాలు పోగుపడ్డాయి. ఈ తల్లి ఎంత రాతిగుండె మనిషి, ఇన్నిసార్లు రాసినా తొంగిచూడదేం అని రఈఫా మా ముందు తిట్టుకునేది. ఈ మిస్ ఎంత ప్రేమగల మనిషి అని అక్కడ నెర్మీన్ పొగిడేది.

ఇద్దరూ చివరికి ఒక మిఠాయి కొట్లో ఎదురుపడ్డారు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. రఈఫా, నేను బడి నుంచి వస్తూ ముషబ్బక్ కొనుక్కుందామని ఆగాం. కొట్టువాడు పాకం కారుతున్న చుట్టలను పళ్ళెంలోంచి తీస్తున్నాడు. పక్కన నిలబడ్డామెను రఈఫా గుర్తుపట్టింది. పిల్లను గేటు దగ్గర దింపుతుంటే దూరం నుంచి చూసిందట.

"మీరు రిహామ్ వాళ్ళమ్మగారు కదూ? నేను అరబిక్ మిస్‌ని."

నెర్మీన్ మొహం వెలిగిపోయింది. "అయ్యో, మీరేనా మిస్! మీరు రాసేవి చదివి ఎంత మురిసిపోతానో! నెమ్మదితనం తరగతికే అందం అన్నారు చూడండి, మా అత్తగారికి చదివి వినిపించా. ఆవిడ నమ్మలేదనుకోండి."

"నేనా? నేనలా రాయలేదే..." రఈఫా ఆగింది. తల్లి తన బాధ దాచుకోవడానికి అలా అంటోందనుకుని జాలిపడి, ఆమె చెయ్యి పట్టుకుంది. "సర్లేమ్మా. పిల్ల బంగారం. దేవుడు దాని నోటికి మాటిస్తే కళ్ళారా చూడాలనుంది. డాక్టరేమన్నాడు? పుట్టుకతోనేనా?"

"ఏంటి, పుట్టుకతో?"

"అదే... మూగతనం."

కొట్టువాడి చేతిలో పట్టకారు గాలిలో ఆగిపోయింది.

"ఎవరికండీ మూగతనం? నా కూతురికా?" నెర్మీన్ చెయ్యి విదిలించుకుంది. "పొద్దున లేచింది మొదలు దాని వాగుడు భరించలేక మా ఆయన టీ కూడా తాగకుండా షోరూముకి పారిపోతాడు! పిల్లిని కూర్చోబెట్టి దానికి పాఠం చెబుతుంది! మీకు చెవుడుందేమో ముందు చూపించుకోండి!"

"నాకు చెవుడా? నాలుగు నెలలుగా దాని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదమ్మా!"

"అంటే మీ క్లాసులో ఏం చేస్తున్నారు మీరు, నిద్రపోతున్నారా?"

"ఇన్నిసార్లు రమ్మంటే రాని తల్లివి, నువ్వా నన్నడిగేది?"

"ఎప్పుడు రమ్మన్నారు? ఎవర్ని రమ్మన్నారు?"

"అమ్మా," అన్నాడు కొట్టువాడు నీరసంగా, "కిలోనా, అరకిలోనా?"

నెర్మీన్ ఏమీ కొనకుండా వెళ్ళిపోయింది. వెళ్ళిన పది నిమిషాలకే గ్రూపు అంటుకుంది. "నా కూతుర్ని నడిబజార్లో మూగదంది!" అని ఆమె ఒక్క ముక్క పెట్టిందో లేదో, తల్లులందరూ ఆవురావురుమంటూ మీద పడ్డారు. నా భార్య కూడా ఆ గ్రూపులో ఉంది కాబట్టి సాయంత్రమంతా నాకు వ్యాఖ్యానం వినిపిస్తూనే ఉంది. రఈఫా ముసలిదైపోయిందట. చెవులు పోయాయట. పెళ్ళి కాలేదు కాబట్టి పిల్లలంటే పడదట. ఆవిడను తీసేయాలట. మధ్యలో ఎవరో రేపు తెల్ల సాక్సులా, నీలం సాక్సులా అని అడిగారు. తెల్లవని చెప్పి, మళ్ళీ తీసేయడం దగ్గరికొచ్చారు. అంతమందిలో ఒక్కరూ "ఆ పిల్ల నిజంగానే బళ్ళో మాట్లాడడం లేదా?" అని అడగలేదు.

గొడవ మదామ్ ముషీరా చెవిన పడింది. ఆవిడ కంగారుపడలేదు సరికదా, సంబరపడింది. వెంటనే హాల్లో సభ పెట్టించి, కైరో నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించింది. వేదిక వెనక తెర మీద రెండు చేతులు కలుపుకుంటున్న బొమ్మ. నిపుణుడు "వినడం ఒక కళ" అన్న అంశం మీద రెండు గంటలు మాట్లాడాడు. ఆ రెండు గంటల్లో ఎవరినీ నోరెత్తనివ్వలేదు. ముందు వరస తల్లులు ఆయన్ని ఫోన్లలో ఫోటోలు తీసుకుంటుంటే, వెనక వరస తండ్రులు కునుకుతీశారు.

చివర్లో రిహామ్ తండ్రి వగ్దీ లేచి నిలబడ్డాడు. చేతులకింకా చెక్కపొట్టు ఉంది. గొంతులో ఆవేశం లేదు.

"డాక్టరుగారూ, నాదొక్క ప్రశ్న. మీకు కాదు, ఇక్కడున్న టీచర్లకి. నా కూతురు రిహామ్. దాని గొంతు మీలో ఎవరు విన్నారు?"

ఆంగ్లం మిస్ చేతిసంచిలో ఏదో వెతుక్కుంటోంది. సైన్సు మిస్ పైకప్పు చూసింది. నేను లేచి, "వినలేదండీ," అన్నాను. "నేనూ వినలేదు" అన్నాడు వ్యాయామం మాస్టారు. తర్వాత ఒక్కొక్కరూ తలలూపారు. ఇంతకీ రఈఫాను ఆ సభకు పిలవనే లేదు. ఉద్రిక్తత పెరుగుతుందని మదామ్ ముషీరా ఆవిడను ఇంటి దగ్గరే ఉండమంది.

నెర్మీన్ మొహం పాలిపోయింది. గ్రూపులో అంత హుషారైన మనిషి ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది వ్యక్తిగత విషయం," అంది మదామ్ ముషీరా నవ్వుతూ మైకు లాక్కుని. "దయచేసి యాప్‌లో పెట్టండి. ఇప్పుడు కేకు కోద్దాం."

నిజంగానే కేకు కోశారు.

ఆ శుక్రవారం నమాజు తర్వాత నెర్మీన్ నా భార్యకు ఫోను చేసి, ముక్కు చీదుకుంటూ రఈఫా నంబరు అడిగింది. తర్వాత జరిగింది రఈఫా నాకు చెప్పింది. నెర్మీన్ చెప్పిందీ అదే. వాళ్ళిద్దరూ ఒకే మాట చెప్పడం అదే మొదలు.

రఈఫా నెర్మీన్ ఇంటికి వెళ్ళింది. మెట్ల మీదే లోపలి నుంచి గలగలమని ఒక గొంతు వినిపించింది. పిల్లి మీద ఎవరో కేకలేస్తున్నారు: "కూచో! పాఠం మధ్యలో లేవకూడదు!" పిల్ల అచ్చం రఈఫానే అనుకరిస్తోంది, అదే విసుగు, అదే దగ్గు. రఈఫా గోడ పట్టుకుని నిలబడిపోయింది. తలుపు తెరుచుకోగానే ఆ గొంతు ఆగిపోయింది. పిల్ల పిల్లిని చంకన పెట్టుకుని గదిలోకి పారిపోయింది.

"రావే, మిస్ వచ్చారు, మాట్లాడవే," అని నెర్మీన్ వెంటపడబోయింది.

"వద్దు, వదిలెయ్," అంది రఈఫా. "నేను దానికోసం రాలేదు, నీకోసం వచ్చాను. ఏంటవి, బఠాణీలా? ఇలా తే."

ఇద్దరూ వంటింట్లో కూర్చుని బఠాణీలు ఒలిచారు. ఏడాదిలో వాళ్ళు తిట్టుకోకుండా మాట్లాడుకోవడం అదే మొదటిసారి. రఈఫా తను రాసిందేమిటో చెప్పింది. నెర్మీన్ తనకు చేరిందేమిటో ఫోనులో చూపించింది. రఈఫా ఆ నక్షత్రాలను చూసి, నేను ఇక్కడ రాయలేని మాటొకటి అంది.

"రాస్ అల్‌బర్‌లో బాగానే మాట్లాడేదా?"

"మాట్లాడడమేంటి మిస్, అక్కడ టీచర్లు నోరు మూయించలేక చచ్చేవాళ్ళు. దానికి 'ర' పలకదు, 'గ' అంటుంది. అక్కడందరికీ అలవాటే. ఇక్కడ కూడా మొదటి రోజు మాట్లాడింది. మీ బడి పేజీలో ఉందిగా! చూళ్ళేదా? ఎంత ముద్దుగా ఉంటుందో!"

రఈఫా బటన్ల ఫోనులో బడి పేజీ రాదు. మా టీచర్లెవరికీ ఆ పేజీ చూసే ఓపిక లేదు. నెర్మీన్ వీడియో పెట్టింది. మొదటి రోజు గేటు దగ్గర హైథమ్ మైకు పట్టుకుని కొత్త పిల్లలను పలకరిస్తున్నాడు. చుట్టూ పెద్ద తరగతుల పిల్లలు మూగి ఉన్నారు.

"నీ పేరేంటి బంగారం?"

"నా పేగు గిహామ్."

ఒక్కసారిగా నవ్వులు. హైథమ్ కూడా పగలబడి నవ్వుతూ, "ఏదీ, మళ్ళీ చెప్పు? ఏ పేగు?" అన్నాడు. పిల్ల మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పించాడు. మూడోసారికి పిల్ల పెదాలు వణుకుతున్నాయి. దానికి డప్పుల సంగీతం కలిపి, "మా చిట్టి చిలుక" అని పేరు పెట్టి పేజీలో వదిలారు. దుమ్యాత్‌లో సగం ఊరు చూసింది.

గది తలుపు వెనక నుంచి ఏడుపు వినిపించింది.

"అది తీసెయ్యమ్మా! అందగూ నవ్వుతున్నాగు! నువ్వు కూడా నవ్వావు!"

నెర్మీన్ ఫోను చూసుకుంది. వీడియో కింద మొట్టమొదట నవ్వుముఖాలు పెట్టింది తనే. ఒకటి కాదు, వరసగా. బఠాణీల గిన్నె పక్కకు తోసి లేచింది. కూతురి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రఈఫా మిగతా బఠాణీలన్నీ ఒలిచి, చేతులు కడుక్కుని, చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

వీడియో తీయించండని నెర్మీన్ మొదట గ్రూపులో అడిగింది. అంతకుముందు ఆమె కోసం కత్తులు నూరిన తల్లులే ఇప్పుడు బుజ్జగించారు. "ముద్దుగానే ఉంది కదా!" "అంత సున్నితమైతే ఎలా?" "మా పిల్లల్ని చూసి నవ్వినా మేం పట్టించుకోం." ఎవరో గులాబీ పెట్టారు. నెర్మీన్ గ్రూపులోంచి బయటికొచ్చేసింది. ఎవరో పొరపాటున వెళ్ళిపోయిందనుకుని మళ్ళీ చేర్చారు. మళ్ళీ బయటికొచ్చింది.

మర్నాడు రఈఫాను వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. కాపలావాడు అడ్డుపడ్డాడు.

"ఒకే కుటుంబం అని రాశారుగా పైన? మా ఇంట్లోకి నేను పోవడానికి నీ అనుమతేంటి, తప్పుకో!" అంటూ ఆమె సరాసరి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. పక్క గదిలో లెక్కలు చెబుతున్న నాకు ప్రతి మాటా వినబడింది. పిల్లలకూ వినబడింది. నేను పాఠం ఆపేశాను.

"ఆ వీడియో మన పేజీలో అన్నిటికంటే ఎక్కువమంది చూసింది, మదామ్ నెర్మీన్," అంటోంది ముషీరా తియ్యగా. "అందులో ప్రేమ ఉంది."

"అంత ప్రేమ కావాలంటే మీ మేనల్లుడి మొహానికి మైకు పెట్టి, వాడు ఏం చదివాడో అడిగి పెట్టండి. నేనే అందరికీ పంపుతా."

"మీరు సరైన మార్గంలో రాలేదు. మిస్ రఈఫా, మీరు నిబంధనలు దాటి కుటుంబాన్ని ఇంటికెళ్ళి కలిశారు. ఇది తీవ్రమైన—"

"అవును, కలిశాను," అంది రఈఫా. "బఠాణీలు కూడా ఒలిచాను. అదీ రాసుకోండి."

"వచ్చే వారం మీ బడిని చూడ్డానికి విద్యాశాఖవాళ్ళు వస్తున్నారటగా, ఏదో అవార్డు ఇస్తారని," అంది నెర్మీన్. "నేను కూడా వస్తా. నా కూతురు సంగతి వాళ్ళకి చెప్తా. యాప్‌లో కాదు, నోటితో."

కాసేపటికి హైథమ్ పరుగెత్తుకొచ్చాడు. అదే పూట వీడియో మాయమైంది.

వీడియో పోయినంత మాత్రాన పిల్ల మాట తిరిగి రాలేదు. అది తేవడానికి చాలా కాలం పట్టింది. సాయంత్రాలు నెర్మీన్ రఈఫాకు ఫోను చేసేది. మొదట ఇద్దరు పెద్దవాళ్ళూ మాట్లాడుకునేవారు, పిల్ల పక్కన కూర్చుని వినేది. తర్వాత ఫోను పట్టుకుని పాఠంలోంచి ఒక వాక్యం చదివేది. రఈఫా ఎప్పుడూ "ర" సరిదిద్దలేదు. ఆ పని చేసే డాక్టరమ్మ దగ్గరికి వేరేగా తీసుకెళ్ళమని నెర్మీన్‌కు చెప్పింది. బడి వదిలాక, ఖాళీ తరగతిలో తల్లి పక్కన ఉండగా పిల్ల బల్ల ముందు నిలబడి పద్యం చదివింది. అటుపైన తన పక్కన కూర్చునే పిల్లతో గుసగుసలాడింది. ఇదంతా ఆ ఇద్దరూ తిట్టుకుంటూనే చేశారు. రఈఫా తొందరపెడుతోందని నెర్మీన్, నెర్మీన్ గారాబం చేస్తోందని రఈఫా. నెర్మీన్ ఒకసారి కోపంతో ఫోను పెట్టేసింది. గంట తర్వాత తనే చేసింది.

ఏప్రిల్‌లో ఒక రోజు రఈఫా డిక్టేషన్ చెబుతోంది. వీధిలో ఏదో లారీ హారన్ మోగించింది. తరగతిలోంచి ఒక గొంతు లేచింది, పలచగా, కాస్త విసుగ్గా:

"వినపళ్ళేదు మిస్, మళ్ళీ చెప్పండి."

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. రఈఫా వాళ్ళకు ముందే గట్టిగా చెప్పి ఉంచిందట. ఆవిడ వాక్యం మళ్ళీ చదివింది. ఆ తర్వాత స్టాఫ్ రూముకొచ్చి నా కుర్చీలో కూర్చుని, నా టీ మొత్తం తాగేసింది.

మే నెలలో మా బడికి అవార్డు వచ్చింది, తల్లిదండ్రులతో ఉత్తమ సంభాషణకు. మదామ్ ముషీరా గాజు బొమ్మను పట్టుకుని ఫోటో దిగింది. హైథమ్ పక్కనే నిలబడి పళ్ళికిలించాడు. అదే నెలలో రఈఫాకు హెచ్చరిక ఇచ్చారు, అనుమతి లేకుండా ఒక కుటుంబంతో సంభాషించినందుకు. ఆవిడ దాన్ని చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టి, రాజీనామా చేసింది. ఇప్పుడు నది అవతల ప్రభుత్వ బళ్ళో చెబుతోంది. ఒక్కో బల్ల మీద నలుగురు పిల్లలు. యాప్ లేదు, నిపుణుడు లేడు, కేకు అసలే లేదు.

వగ్దీ తన కూతుర్ని తీసుకెళ్ళి అదే బళ్ళో వేశాడు. మా గ్రూపు తల్లులు జాలిపడ్డారు. "పాపం, షోరూము నడవడం లేదేమో." "నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చోవాలట." నా భార్య ఇవన్నీ నాకు చదివి వినిపించింది. చదివి చదివి చివరికి ఆవిడ కూడా బయటికొచ్చేసింది. ఇంట్లో మా సాయంత్రాలు బాగుపడ్డాయి.

మొన్న పడవ దాటి అటు వెళ్ళాను. ఆ బడి గేటు దగ్గర తల్లులు గుంపుగా ఉన్నారు. టీచర్లు బయటికే వచ్చి మాట్లాడుతున్నారు. గుంపు మధ్యలో రఈఫా గొంతు, దానికి దీటుగా నెర్మీన్ గొంతు. రిహామ్ రాత పాడవుతోందని ఆవిడ, మీరు అంతంత హోంవర్క్ ఇస్తే పాడవదా అని ఈవిడ. ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ, ఒక్క అంగుళం తగ్గకుండా వాదించుకుంటున్నారు. పిల్ల తల్లి చేతిసంచి పట్టుకు గుంజుతోంది.

"ఇంక పదమ్మా, ఆకలేస్తోంది! మిస్, మీగు కూడా ఇంటికి పోండి!"